మా ఫంక్షన్ హాల్లో వేల్స్ ఆట

ఎల్బీ నగర్‌లో మాకొక ఫంక్షన్ హాలుంది. దాన్ని నేనూ మా ఆయనా నడుపుతున్నామని అందరూ అనుకుంటారు గానీ, నిజానికి నడిపేది పంచాంగం. ముహూర్తాలుంటే పూలు, బ్యాండు, విందులు. మూఢమో ఆషాఢమో వచ్చిందంటే హాలు బోసిపోతుంది, కరెంటు బిల్లు మాత్రం ఆగదు. కప్పు ఎత్తుగా ఉంది కదా అని మా ఆయన ఒక ఏడాది ఆకుపచ్చ మ్యాట్లు కొని, నడుమ నెట్టు కట్టి, హాలును షటిల్ కోర్టు చేసేశాడు. పొద్దున కాలనీ ఉద్యోగులు ఆడతారు, సాయంత్రం వాళ్ళ పిల్లలు ఆడతారు. శ్రావణం రాగానే మ్యాట్లు చుట్టి స్టోర్‌రూంలో పడేసి మళ్ళీ పెళ్ళిమంటపం కడతాం. నల్గొండ పల్లె నుంచి వచ్చి ఈ ఊళ్ళో నిలదొక్కుకున్నవాళ్ళం, ఖాళీ జాగా కనిపిస్తే మాకు నిద్ర పట్టదు.

అట్లాంటి ఒక ఆషాఢంలోనే మా అక్క బిడ్డ వచ్చింది. మా అక్క నర్సు. పెళ్ళైన కొత్తలోనే వేల్స్ అనే దేశానికి ఉద్యోగం మీద వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఈ పిల్ల అక్కడే పుట్టింది. అక్కకు దవాఖానలో డ్యూటీలు ఎప్పుడు పడేవో తెలియదు. పక్కనే ఆటల హాలు ఒకటుంటే, లోపల వెచ్చగా ఉంటుంది కదా అని పిల్లను అందులో షటిల్ క్లాసులో కూచోబెట్టి పోయేది. అంతకుమించి ఏ ఉద్దేశమూ లేదు. కానీ పిల్ల చేతికి బ్యాటు దొరికింది, అదింక వదల్లేదు. స్కూల్లో గెలిచింది, జిల్లాల్లో గెలిచింది, పంతొమ్మిదేళ్ళకే ఎర్ర జెర్సీ తొడుక్కుని వేల్స్ తరఫున ఆడింది.

అంతర్జాతీయ క్రీడాకారిణి అంటే మేమేదో ఊహించుకున్నాం. ఏ అడ్వర్టైజ్‌మెంటులో వస్తుంది, ఏ కారు ఇచ్చారు అని మా చుట్టాలంతా నన్ను అడిగేవారు. తీరా చూస్తే వేల్స్ చిన్న దేశం, చిన్న టీం. ఈ పిల్ల వారంలో సగం రోజులు కాఫీ షాపులో పనిచేసి, ఆ డబ్బుతో టికెట్ కొనుక్కుని, తన సంచీ తనే మోసుకుంటూ దేశాలు తిరిగి ఆడేది. ఆ సంగతి తెలిశాక నాకు దాని మీద గౌరవం రెట్టింపయింది. పెట్టిపుట్టినవాళ్ళు ఆడితే ఏం గొప్ప?

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి మెట్లెక్కుతూనే దండం పెట్టి, "చిన్నమ్మా, మంచిగున్నవా?" అంది. నేను నిలబడ్డచోటే నిలబడిపోయాను. అది మా ఊరి మాట, మా అమ్మ మాట! ఇక్కడ పుట్టిన నా పిల్లలు కూడా అట్లా మాట్లాడరు, సగం ఇంగ్లీషు కలుపుతారు. అక్క ఎప్పుడో మూటగట్టుకుని తీసుకుపోయిన తెలుగును దీని నోట్లో పెట్టి పంపింది. కౌగిలించుకుని ఏడ్చాను. అదీ ఏడ్చింది. ఎందుకు ఏడుస్తున్నామో మా ఆయనకు అర్థం కాక సామాను లోపల పెట్టాడు.

వచ్చిన పని పెద్దది. మోకాలి దెబ్బతో ఏడాది ఇంట్లో కూచుంది. తర్వాత ఆడిన ప్రతి టోర్నమెంటులోనూ మొదటి ఆటలోనే ఓడింది. ఇప్పుడు మన ఊళ్ళో జరగబోయే అంతర్జాతీయ టోర్నమెంటే దానికి చివరి అవకాశం. వచ్చిన రెండో రోజు టిఫిన్ దగ్గర అదే చెప్పింది.

"ఆఖరు ఎనిమిది మందిల నేనుంటే టీంల ఉంచుకుంటరు చిన్నమ్మా. లేకుంటే తీసేస్తరు. నా ముఖం మీదనే చెప్పిన్రు."

"తీసేస్తే?"

"తీసేస్తే ఇగ ఆట లేదు."

చేతిలోని ఇడ్లీ ముక్క మళ్ళీ ప్లేట్లో పెట్టేశాను. ఎందుకంటే ముందు రోజే అక్క ఫోన్ చేసి నాతో ఇంకో మాట చెప్పి ఉంది. "చెల్లె, గిదే ఆఖరని దానికి నువ్వన్న చెప్పు. ఇరవై ఏడేండ్లొచ్చినయ్. ఓడినప్పుడల్లా అది రూంల తలుపేసుకుంటే నా పానం పోతుంది. నీ మాటింటది, మెల్లగ చెప్పు." నేను సరే అన్నాను. పిల్ల ముఖం చూశాక మాత్రం ఆ మాట నా నోట రాలేదు. చెప్తానని అక్కకు మాటిచ్చి, చెప్పలేదు. అక్క అడిగినప్పుడల్లా కుక్కర్ విజిల్ వస్తోందని ఫోన్ పెట్టేసేదాన్ని.

ఇక మా అత్తమ్మ సంగతి. పిల్ల తన ఎర్ర జెర్సీ ఉతికి డాబా మీద ఆరేసింది. దాని రొమ్ము మీద తోక మెలిక తిరిగిన ఎర్ర మృగం బొమ్మ ఉంది. అదే వాళ్ళ దేశం గుర్తట. వడియాలు ఎండబెట్టడానికి పైకి వెళ్ళిన అత్తమ్మ అది చూసి గబగబా దిగొచ్చింది.

"ఓ కోడలా! పిల్ల రొమ్ము మీద బల్లి పడ్డది!"

"బల్లి కాదత్తమ్మా, అది వాళ్ళ దేశం బొమ్మ."

"ఏ దేశమన్న బల్లిని బట్టల మీద పెట్టుకుంటదా? ఊకో!" అంటూ గోడ మీది క్యాలెండర్ తిప్పి, వెనకాల ఉన్న బల్లిపాటు ఫలితాలు చూడమని నా చేతిలో పెట్టింది.

పిల్ల నవ్వుతూ వచ్చి, "అమ్మమ్మా, అది బల్లి కాదు. డ్రాగన్. నోట్లకెల్లి మంట ఊదుతది," అంది.

"మంట ఊదే బల్లా! అందుకే మొదటి ఆటలనే ఓడుతున్నవు!"

మా అత్తమ్మ ఎప్పుడో కంచికి వెళ్ళి అక్కడి బంగారు బల్లిని ముట్టుకుని వచ్చింది. ఆ బల్లిని ముట్టుకున్నవాళ్ళను ముట్టుకుంటే బల్లి దోషం పోతుందని మనవాళ్ళ నమ్మకం. ఆ రోజు నుంచి పిల్ల ప్రాక్టీసుకు బయల్దేరే ముందు అత్తమ్మ మంచం దగ్గరికి వెళ్ళి తల వంచేది. అత్తమ్మ దాని తల మీద చెయ్యి పెట్టి, జెర్సీ మీది బొమ్మను కూడా ఒకసారి తట్టేది. నేను కసురుకుంటే, "మస్తుగుంటది చిన్నమ్మా, మా కోచు కూడా నన్ను గిట్ల సాగనంపడు," అంది పిల్ల.

ఒక్క విషయంలో మాత్రం దానికి ముక్కు మీద కోపం. ఎవరైనా "లండన్ పిల్ల" అంటే చాలు, "లండన్ కాదు, ఇంగ్లండ్ గూడ కాదు, వేల్స్," అని కూరగాయల బండి దగ్గర కూడా ఆగి మరీ దిద్దేది. మా ఆయన దానికి గట్టి మద్దతు. "మనం నల్గొండోళ్ళమంటే, హైదరాబాదోళ్ళేగా అని తీసేస్తే మనకు మండదా? గట్లనే," అనేవాడు. ఇద్దరూ చేతులు కలుపుకునేవారు.

పొద్దున నాగోల్‌లో ఒక అకాడమీలో దానికి కోర్టు దొరికింది. అక్కడే ఆడే ఒక బ్యాంకు ఉద్యోగిని, ఒకప్పుడు రాష్ట్రానికి ఆడినావిడ, మధ్యాహ్నాలు మా హాలుకు వచ్చి దీనితో ఆడటానికి ఒప్పుకుంది. ఖాళీ హాల్లో ఇద్దరూ, టప్ టప్ మని కాక్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. నేను గల్లా దగ్గర కుర్చీలో కూచుని చూసేదాన్ని. అబ్బ, ఏం ఆట అది! వెనక్కి వంగి కొట్టిందంటే కాక్ నేలకు దిగేదాకా నాకు కనిపించేదే కాదు. ఇట్లా ఆడే పిల్ల మొదటి ఆటలోనే ఎందుకు ఓడుతోందని బ్యాంకావిడను అడిగాను.

"చప్పుడుంటే దానికి చేతులు ఆడవట," అందావిడ. "వాళ్ళ దిక్కు హాళ్ళు సప్పుడు చెయ్యవు. నలుగురు కూసోని చప్పట్లు కొడ్తరు. మన దిక్కు ఆటంటే లొల్లి లొల్లి. మోకాలు బాగైనంక ఏదో దేశంల ఆడితే, జనం అరుస్తుంటే ఉత్తగనే ఓడిపోయిందట. అప్పటిసంది లోపల భయం."

అదీ దాని జబ్బు. మోకాలికి మందుంది, దీనికి లేదు.

ఇంతలో శ్రావణం వచ్చేసింది. టోర్నమెంటుకు సరిగ్గా ముందు మూడు రోజులూ మా హాల్లో పెళ్ళిళ్ళు. ఎప్పుడో వేసవిలోనే బుక్కయినవి. మా ఆయన మ్యాట్లు చుడుతుంటే పిల్ల తనే వచ్చి ఒక చివర పట్టుకుంది. అకాడమీలో మధ్యాహ్నాలు కోర్టు ఖాళీ లేదు. అది మ్యాటు మోస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

"ఏందయ్యా, లగ్గం పదకొండుకేనాయె. రెండింటికి బువ్వలైపోతయి, మూడింటికి అప్పగింతలు. నాలుగింటికి నెట్టు కడ్తే ఏం పోయె?" అన్నాను.

"డెకరేషనోళ్ళు స్టేజీ ఇప్పరు. జనం గూడ ఒక పట్టాన పోరు."

"స్టేజీ ఉంటే ఉండనీ. జనాన్ని నేను చూసుకుంట."

"నీకు చెప్పుడు నా తోని కాదు," అని చేతులెత్తేశాడు. నాతో వాదించి గెలిచిన చరిత్ర ఆయనకు లేదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు.

మొదటి రోజు పెళ్ళి సైదాబాద్ వాళ్ళది. అప్పగింతల ఏడుపులు ఇంకా పూర్తిగా ఆరలేదు, నేను చీపురు పట్టుకుని హాలు నడుమ తలంబ్రాల బియ్యం ఊడవడం మొదలుపెట్టాను. మ్యాట్లు పరిచాం, నెట్టు కట్టాం. ఊరి బస్సు కోసం ఎదురుచూస్తున్న చుట్టాలు పట్టుచీరల్లో, నోట్లో కిళ్ళీలతో కుర్చీలు లాక్కుని కోర్టు చుట్టూ కూచున్నారు. పెళ్ళికి వచ్చిన జనం ఊరికే ఉంటారా? క్షణంలో పక్షాలు కట్టారు. ఆడపెళ్ళివాళ్ళంతా మా పిల్ల వైపు, మగపెళ్ళివాళ్ళంతా బ్యాంకావిడ వైపు. "మా పిల్ల కొడ్తది సూడు!" అని ఇటు, "మీ పిల్లకు మా అక్క చాలు!" అని అటు. ఈ గోల విని బయట బీడీలు కాలుస్తున్న బ్యాండువాళ్ళు కూడా లోపలికొచ్చి, పాయింటు పాయింటుకూ డప్పు వాయించసాగారు.

పిల్ల కాక్ వేస్తే నెట్టుకు తగిలింది. మళ్ళీ వేస్తే బయట పడింది. ముఖం తెల్లగా పాలిపోయింది. బ్యాటు కింద పెట్టి, పెళ్ళికూతురిని ముస్తాబు చేసే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను వెనకే వెళ్ళాను. చుట్టూ బల్బులున్న అద్దం ముందు కూచుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"నాతోని కాదు చిన్నమ్మా. అమ్మ చెప్పినట్టే ఇడిసిపెడ్త."

అక్క నాకు అప్పజెప్పిన పని దానంతటదే అయిపోతోంది. ఊ అంటే చాలు. కానీ నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఎందుకే ఏడుస్తవ్? నీ మీద పగతోని అరుస్తున్రా వాళ్ళు? తిన్నది అరగక అరుస్తున్రు! ఇంక గంటకు బస్సొస్తే నీ ముఖం గూడ యాదికుండదు వాళ్ళకు. మనోళ్ళు లగ్గమైనా అరుస్తరు, కొట్లాటైనా అరుస్తరు, సంబరమైనా అరుస్తరు. మీ అమ్మ పుట్టినప్పుడు మా నాయన ఊరంత ఇనపడేటట్టు అరిచిండట. అరుపంటే భయపడేటిదానివి మా ఇంట్ల ఎట్ల పుట్టినవే?"

అది నా వైపు చూసింది. ఏడుస్తూనే నవ్వొచ్చింది దానికి. ముక్కు చీదుకుని, "తిన్నది అరగకనా?" అంది.

"కాకపోతే? ఆ ఎర్రచీర ఆమె మూడుసార్లు పెట్టించుకున్నది, నేను చూసిన."

ముఖం కడుక్కుని బయటికొచ్చింది. జనం "అగో, వచ్చింది వచ్చింది!" అని ఈల వేశారు. ఇంకాసేపు తడబడింది. తర్వాత ఒక కాక్‌ను అంత ఎత్తు నుంచి బలంగా దించేసరికి, ఆడపెళ్ళివాళ్ళలో ఒక ముసలావిడ కోర్టులోకే వచ్చేసి దాని బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. మగపెళ్ళివాళ్ళలో జిల్లాకు ఆడానని చెప్పుకున్న ఒక మేనమామ ఉత్సాహం పట్టలేక, పంచె ఎగగట్టి బ్యాంకావిడ చేతిలోంచి బ్యాటు లాక్కున్నాడు. మా పిల్ల ఆయన్ని హాలంతా ఉరికించింది. చివరికి ఆయన స్టేజీ మీద పెళ్ళికొడుకు కుర్చీలో కూలబడి నీళ్ళు అడిగాడు. బస్సు వచ్చి హారన్ కొట్టినా ఒక్కరూ లేవలేదు.

రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. మూడో రోజు బ్యాండువాళ్ళకు చాయ్ తాగించి, పిల్ల కాక్ వేసే సమయంలోనే వాయించమని నేనే చెప్పాను. అది తల తిప్పి నన్ను చూసి, "నువ్వు మనిషివి కాదు చిన్నమ్మా," అని పళ్ళు కొరికి, కాక్‌ను సరిగ్గా మూలకు వేసింది. నా ఛాతీ రెండు జానలు పెరిగింది.

టోర్నమెంటు ఊరికి ఆ చివర స్టేడియంలో. మేం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, దిగి, ఆటో పట్టుకుని వెళ్ళాం. మొదటి ఆట సునాయాసంగా గెలిచింది. ఆఖరు ఎనిమిది మందిలోకి రావాలంటే ఇంకొక్క ఆట గెలవాలి. ఆ ఆటలో ఎదురుపడింది ఎవరనుకున్నారు? మన ఇండియా పిల్లే!

స్టేడియం నిండిపోయింది. కాలేజీ పిల్లలు బుగ్గల మీద మూడు రంగులు పూసుకొచ్చారు. ఇండియా, ఇండియా అని ఒకటే హోరు. మా ఆయన నా చెవిలో, "నోరు మూసుకోని కూసో. అటు దిక్కు అరిచినవంటే తంతరు," అన్నాడు. అన్నవాడే ఇండియా పిల్ల మంచి షాట్ కొట్టగానే లేచి చప్పట్లు కొట్టాడు. నేను చూసిన చూపుకు కూచుని, "అలవాటుల పడి కొట్టిన," అన్నాడు.

మొదటి గేము పోయింది. కానీ పిల్లను చూస్తే అది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, జనం వైపు ఒకసారి కలయజూసి, పెదాల మీద చిన్నగా నవ్వుకుంది. ఎర్రచీర ఆవిడే గుర్తొచ్చిందో ఏమో! రెండో గేము గెలిచింది. మూడో గేము పాయింటుకు పాయింటుగా నడిచింది. ఇరవై దగ్గర ఇద్దరూ సమానం. ఇంక రెండు పాయింట్లు వరసగా ఎవరివైతే వాళ్ళదే ఆట.

ఆ నిమిషంలో నా వల్ల కాలేదు. అంత జనంలో మా పిల్లకు ఒక్క గొంతు లేదు. దాని తల్లి ఎక్కడో సముద్రాల అవతల రోగులకు సూదులేస్తోంది. ఇక్కడ చిన్నమ్మనని నేనుండి నోరు మూసుకుని కూచోవాలా? లేచి నిలబడ్డాను.

"కొట్టు బిడ్డా! కొట్టు!"

ఆ అరుపు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. ముందు వరసలో మూడు రంగుల దుపట్టా వేసుకున్నావిడ గిర్రున తిరిగింది. మాట చూస్తే కోస్తా వైపు మనిషి.

"ఏంటండీ, మనమ్మాయి ఆడుతుంటే మీరు అటు అరుస్తున్నారేంటి?"

"అటు దిక్కున్నది మా అక్క బిడ్డమ్మా!"

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసింది. "అక్కగారమ్మాయా? అయ్యో, మరి ముందే చెప్పరేంటండీ!" అని, తిరిగి కోర్టు వైపు చూసి, "కొట్టమ్మా, కొట్టు!" అని అందుకుంది. ఆవిడ పక్కనున్న కాలేజీ పిల్లలు నవ్వుతూ, "అక్క బిడ్డా, కొట్టూ!" అని మొదలుపెట్టారు. అటు ఇండియా, ఇటు అక్క బిడ్డ. మా ఆయన కూడా లేచి గొంతు కలిపాడు.

ఒక పాయింటు వచ్చింది. తర్వాత పాయింటు ఎంతకీ తెగలేదు. మా పిల్ల పడి, లేచి, మళ్ళీ పడి, కింద నుంచే ఒక చెయ్యి చాపి కాక్‌ను నెట్టు మీదుగా మెల్లగా జారవిడిచింది. ఇండియా పిల్ల ముందుకు దూకింది గానీ అందలేదు. నేను ఎవరిని కావలించుకున్నానో నాకు తెలియదు. తర్వాత చూస్తే ఆ దుపట్టా ఆవిడ.

పిల్ల ఎదుటి అమ్మాయిని గుండెలకు హత్తుకుని, అంపైరుతో చెయ్యి కలిపి, నేరుగా మా వైపు వచ్చింది. కింద గోడ దగ్గర నిలబడి తల పైకెత్తింది. ముఖమంతా చెమట, కన్నీళ్ళు.

"చిన్నమ్మా, ఇగ నన్ను తియ్యరు గదా?"

"ఎవడు తీస్తడో నేను చూస్త!" అన్నాను. నాకు ఆ దేశం ఎక్కడుందో కూడా సరిగ్గా తెలియదు.

"అమ్మకు చెప్పు," అంది. "నాకు భయమైతుంది."

అక్క ఆట చూడదు. తను చూస్తే పిల్ల ఓడిపోతుందని అక్క నమ్మకం. డ్యూటీలో ఉంది, అయినా రెండో రింగుకే ఎత్తింది. ఈ హోరులో వినపడదని నేను మెట్ల కిందికి పరుగెత్తి, ఒక చెవి మూసుకుని చెప్పాను.

"అక్కా, గెలిచింది! ఎనిమిది మందిల ఉన్నది. టీంల ఉంటది ఇగ!"

ఆట మానమని చెప్పమన్నావు, నేను చెప్పలేదు, తిట్టుకుంటావో ఏం చేస్తావో నీ ఇష్టం అనుకుంటూ నిలబడ్డాను. అటు దవాఖానలో ఎవరో ఏదో బండి తోసుకుపోతున్న చప్పుడు.

"మళ్ళ చెప్పు," అంది అక్క.

"గెలిచిందక్కా."

"మళ్ళ చెప్పు చెల్లె."

"గెలిచింది."

"జర గట్టిగ చెప్పవే, ఇనపడ్తలేదు," అంది. బాగానే వినపడుతోందని నాకు తెలుసు. ఆ మెట్ల కింద నిలబడి, నా గొంతు పోయేదాకా అరిచాను.